పండుగప్ప లార్వా: 4, 5 రోజుల మధ్య సగం పోవడం, ఆ తర్వాత 30వ రోజు దాకా పెంపకం

ఉప్పుగాలి
అందరికీ నమస్కారం. పండుగప్ప (సీబాస్ చేప) లార్వా, అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లల పెంపకంలో మొదటి వారం గురించి అడుగుతున్నాను. రెండు టన్నుల గుండ్రటి ట్యాంకు, ఉప్పదనం 30 పీపీటీ (వెయ్యికి 30 వంతులు), ఉష్ణోగ్రత 29 డిగ్రీలు, లార్వా లీటరుకు 60. గుడ్లు పొదిగిన రోజును 0గా లెక్కపెడుతున్నాం. 2వ రోజు సాయంత్రం నుంచి రోటిఫర్ (లార్వా తినే సూక్ష్మ నీటి జీవి) మి.లీ.కు 8 నుంచి 10 ఉండేలా వేస్తున్నాం. 4వ రోజు పగలంతా బాగానే కనిపిస్తాయి. తెల్లారేసరికి సగం అడుగున పడి ఉంటాయి. 5వ రోజు సాయంత్రానికి పాతిక శాతం మిగిలితే ఎక్కువ. అమోనియా కిట్‌లో పెద్దగా ఏమీ చూపించదు. గుడ్ల నాణ్యతా, నీళ్లా, తిండా? ముందు దేన్ని అనుమానించాలి?

మైక్రోస్కోప్
4వ రోజు పోతున్నాయి కాబట్టి 4వ రోజులో వెతికితే ఏమీ దొరకదండీ. 2వ రోజు ఉదయం ఏం జరిగిందో చూడాలి.

మీరు చెప్పిన ఉష్ణోగ్రతలో గంటల లెక్క వేద్దాం. తల్లి చేపలు రాత్రి 9 ప్రాంతంలో గుడ్లు పెట్టాయనుకుందాం. 28–30 డిగ్రీల్లో 17, 18 గంటలకు పొదుగుతాయి. అంటే మర్నాడు మధ్యాహ్నం 2, 3 గంటలు. అప్పుడు లార్వా పొడవు సుమారు 1.5 మి.మీ. నోరు లేదు, కళ్లలో రంగు లేదు. పచ్చసొన సంచి, దాని ముందు భాగంలో ఒకే ఒక నూనె బొట్టు, అంతే. ఆ బొట్టు ముందుండటం వల్లే మొదటి రోజు లార్వా తల పైకి పెట్టి ఏటవాలుగానో నిలువుగానో వేలాడుతుంది. అది జబ్బు కాదు. అప్పుడే కంగారుపడి ఏరేషన్ (నీటిలోకి గాలి ఊదడం) పెంచడం పెద్ద పొరపాటు.

పొదిగాక 36 గంటలు దాటితే కళ్లు నల్లబడుతూ, నోరు తెరుచుకోవడం కనిపిస్తుంది. 50 గంటలకు పచ్చసొన దాదాపు అయిపోతుంది. నూనె బొట్టు మాత్రం 5, 6 రోజుల దాకా కొద్దికొద్దిగా ఉంటుంది. అసలు మోసం ఇక్కడే ఉంది. తిండి దొరకని లార్వా వెంటనే చావదు. ఆ నూనె బొట్టు మీద బతుకుతూ, ఈదుతూ, పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం పేగు గోడ పల్చబడుతూ వస్తుంది. ఒక హద్దు దాటాక చుట్టూ ఎన్ని రోటిఫర్లున్నా నోరు పెట్టదు, పెట్టినా అరగదు. బొట్టు అయిపోయిన రాత్రి ఒక్కసారిగా రాలిపోతాయి. మీరు చూస్తున్నది అదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

మీరు 2వ రోజు సాయంత్రం 6కు తిండి వేస్తే అప్పటికి 51, 52 గంటలు. రాత్రి చీకట్లో అవి వేటాడలేవు, కంటితో చూసే తింటాయి. కాబట్టి నిజంగా తినడం మొదలయ్యేది 3వ రోజు ఉదయమే. తిండి 2వ రోజు తెల్లవారేసరికే నీళ్లలో సిద్ధంగా ఉండాలి.

ఖాయం చేసుకోవడానికి ఒక పని చేయండి. 2వ రోజు ఉదయం నుంచి మూడు గంటలకోసారి ఇరవై లార్వా తీసి, గుంట ఉన్న స్లైడు మీద తక్కువ పవర్‌లో చూడండి. నోరు కదులుతోందా, కళ్లు పూర్తిగా నల్లబడ్డాయా, పేగులో ఏమైనా ఉందా రాసుకోండి. రోటిఫర్ దవడ గట్టిది, త్వరగా అరగదు. పేగులో చిన్న నల్ల గీతల్లా కనబడుతుంది. 3వ రోజు మధ్యాహ్నానికి ఇరవైలో పదహారింటికైనా పేగు నిండి ఉండాలి. పదికి తగ్గితే ఆ ట్యాంకు 5వ రోజు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసిపోతుంది.

పచ్చనీరు
మైక్రోస్కోప్ గారు చెప్పిన సమయం సంగతి నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. దానితో పాటు సాంద్రత కూడా చూడండి. మి.లీ.కు 8 అనేది వేసిన క్షణంలో లెక్కా, సాయంత్రం మిగిలిన లెక్కా? మొదటి మూడు రోజులు లార్వా వెంటాడి పట్టుకోలేదు. ఒళ్లు ఎస్ ఆకారంలో వంచి, ముందుకు దూకి, ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే అందుకుంటుంది. చాలాసార్లు గురి తప్పుతుంది. అందుకే 15 నుంచి 20 ఉంచితే మంచిది. లార్వా తినగలిగే దానికంటే ఇది చాలా ఎక్కువే, అయినా ఎదురుపడే అవకాశం కోసం అంత ఉండాలి.

లెక్క ఇలా: రెండు టన్నులంటే 20 లక్షల మి.లీ. ఉదయం పిపెట్‌తో మూడు చోట్ల (పైన, మధ్యలో, గోడ పక్కన) 1 మి.లీ. చొప్పున తీసి, లుగోల్ (అయోడిన్ ద్రావణం) చుక్క వేసి లెక్కపెట్టండి. సగటు 6 వచ్చింది, మీకు 15 కావాలి అనుకుంటే, లోటు 9. తొమ్మిది ఇరవై లక్షలు కోటీ ఎనభై లక్షలు. మీ రోటిఫర్ తొట్టెలో మి.లీ.కు 500 ఉంటే 36 లీటర్లు వడకట్టాలి. ఇంత రోజూ రావాలంటే రోటిఫర్ కల్చర్ లార్వా ట్యాంకు కంటే ముందే స్థిరపడి ఉండాలి. గుడ్లు వచ్చాక కల్చర్ పెంచుదాంలే అనుకుంటే అందదు.

ఇంకో మాట. రోటిఫర్‌ను చాలామంది 20–25 పీపీటీలో పెంచుతారు, అక్కడ బాగా పెరుగుతుంది. దాన్ని నేరుగా 30లో పోస్తే కొంతసేపు ఈత మాని అడుగుకు చేరుతుంది. లెక్కలో ఉంటుంది కానీ లార్వా నోటికి అందదు. వడకట్టిన రోటిఫర్‌ను బకెట్లో గంటసేపు, కొంచెం కొంచెంగా ఉప్పు నీరు కలుపుతూ అలవాటు చేసి వేయండి.

ట్యాంకులో నానోక్లోరోప్సిస్ ఆల్గే (సూక్ష్మమైన నాచు) ఉంచుతున్నారా? ఆ ఆల్గే లార్వాకు తిండి అని కాదు. రోటిఫర్ ఖాళీ కడుపుతో ఉంటే కొద్ది గంటల్లోనే దాని పోషక విలువ పడిపోతుంది, ఆల్గే ఉంటే అది తింటూ నిండుగా ఉంటుంది. పైగా వెలుతురు మెత్తగా చెదిరి, లార్వా ఒకే మూల గుంపు కట్టకుండా ట్యాంకంతా పరుచుకుంటాయి. ట్యాంకు లోపలి గోడ ముదురు రంగులో ఉంటే రోటిఫర్ ఇంకా బాగా కనబడుతుంది.

ఉప్పుగాలి
పచ్చనీరు గారూ, 8 అనేది వేసిన వెంటనే లెక్క. ఆల్గే ఉంది, లేత ఆకుపచ్చగా. స్లైడు కింద చూస్తే 3వ రోజు మధ్యాహ్నం ఇరవైలో ఏడింటికే పేగులో తిండి. రోటిఫర్లలో గుడ్లు మోస్తున్న పెద్దవి ఎక్కువగా ఉన్నాయి. ఇంకొకటి, పొద్దున్నే నీటి మీద సన్నటి నూనె పొర మెరుస్తోంది, అక్కడక్కడ లార్వా దానికి అంటుకుని పోతున్నాయి. రోటిఫర్‌కు పోషకాలు పట్టించే ఎన్‌రిచ్‌మెంట్ నూనె వాడుతున్నాం.

లార్వా_లెక్క
ఆ నూనె పొర గురించి ముందు మాట్లాడాలి. తిండి సమస్య సర్దుకున్నా, ఇది మిమ్మల్ని 20వ రోజున పట్టుకుంటుంది.

గాలి తిత్తి (చేపను నీటిలో తేలేలా ఉంచే సంచి) మొదటిసారి నిండాలంటే లార్వా నీటిపైకి వచ్చి, ఉపరితలాన్ని చీల్చి, గాలి మింగాలి. పేగు నుంచి తిత్తికి సన్నటి గొట్టం ఉంటుంది, ఆ దారిన గాలి చేరుతుంది. ఈ దారి తెరిచి ఉండేది కొద్దిరోజులే. పండుగప్పలో సుమారు 2 నుంచి 5 రోజుల మధ్య. తర్వాత మూసుకుపోతుంది. ఆ రోజుల్లో నూనె పొర ఉంటే రెండు మి.మీ. చేప దాన్ని చీల్చలేదు. తిత్తి నిండని లార్వా మునిగిపోకుండా ఉండటానికి తల పైకెత్తి, తోక ఆడిస్తూ ఎప్పుడూ ఈదుతూనే ఉంటుంది. తిన్నదంతా ఆ ఈతకే పోతుంది, ఎదుగుదల ఆగుతుంది. చివరికి నడుం దగ్గర వెన్ను లోపలికి వంగుతుంది. నెల రోజులకు కనబడే వంకర చేపల్లో చాలా వాటికి కారణం ఈ మొదటి వారమే.

చేయాల్సినవి: నీటి మీద తేలే చిన్న చట్రం పెట్టండి. చిన్న ప్లాస్టిక్ పైపులతో మూడు వైపులా కట్టి, ఒక వైపు తెరిచి ఉంచాలి. ఎదురుగా సన్నటి గాలి గొట్టం ఉపరితలం వెంబడి మెల్లగా ఊదేలా బిగిస్తే నూనె, నురుగు అందులో చేరతాయి. మగ్గుతోనో టిష్యూ కాగితంతోనో రోజుకు మూడు నాలుగుసార్లు తీసేయండి. 2వ రోజు నుంచి కనీసం 8వ రోజు దాకా ఆపకూడదు. ఎయిర్‌స్టోన్ గాలి ఈ రోజుల్లో మరీ మెల్లగా, బుడగలు విడివిడిగా కనిపించేంతే. నీరు మరుగుతున్నట్టు ఉంటే లార్వా పైకి రాలేవు, గోడలకు కొట్టుకుంటాయి కూడా.

నూనె వస్తున్నది ఎన్‌రిచ్‌మెంట్ నుంచే. రోటిఫర్‌ను 60 మైక్రాన్ల వలలో, మంచి ఉప్పు నీటిలో, కారే నీళ్లలో నురుగు రాకుండా పోయేదాకా కడగండి. రెండు నిమిషాల్లో అయ్యే పని కాదు.

6వ రోజున ఇరవై లార్వా స్లైడు మీద చూస్తే వెన్ను కింద మెరిసే గుండ్రటి బుడగ కనబడాలి. నూనె బొట్టు పసుపుగా, కిందగా ఉంటుంది. గాలి బుడగ అంచు నల్లగా, గట్టిగా ఉంటుంది. మొదట్లో రెండూ ఒకలాగే అనిపిస్తాయి, 4వ రోజు లార్వాను, 7వ రోజు లార్వాను పక్కపక్కన పెడితే తేడా పట్టుబడుతుంది.

మైక్రోస్కోప్
ఇరవైలో ఏడు అంటే సంగతి తేలిపోయింది. గుడ్లు మోస్తున్న పెద్ద రోటిఫర్లు మీ లార్వా నోటికి పెద్దవి. నోరు తెరుచుకున్న మొదట్లో దాని వెడల్పు పావు మి.మీ. లోపే, అందులోనూ పూర్తిగా తెరిచి పట్టుకోదు. ఎల్ రకం పెద్ద రోటిఫర్ 200 మైక్రాన్లు దాటుతుంది. ఎస్ రకం 100 నుంచి 200. మీ దగ్గర ఎస్ రకం లేకపోతే, మొదటి రెండు రోజులు ఎల్ రకాన్నే 100 మైక్రాన్ల వలలో వడకట్టి, కిందికి దిగిన చిన్నవాటిని మాత్రమే వేయండి. 5వ రోజు నుంచి వడపోత అక్కర్లేదు. గ్రూపర్ జాతుల నోరు దీనికంటే చిన్నది, వాటికి ఇంకా చిన్నదైన ఎస్‌ఎస్ రకమో, కోపిపాడ్ (మరో చిన్న నీటి జీవి) పిల్లలో లేకపోతే నడవదు. ఆ విషయంలో పండుగప్ప చాలా నయం.

తీరం_దాటి
గుడ్లను పూర్తిగా పక్కన పెట్టేయకండి. ఏరుకునేటప్పుడే సగం పని అవుతుంది. మంచి గుడ్డు 0.8 మి.మీ. అటూ ఇటూ, గాజులా పారదర్శకంగా, 30 పీపీటీలో పైకి తేలుతుంది. ఏరేషన్ పది నిమిషాలు ఆపితే చెడ్డవి తెల్లగా అడుగున చేరతాయి, సైఫన్‌తో లాగేయండి. మొదటి విభజన అరగంటకే కనబడుతుంది. నాలుగు, ఎనిమిది కణాల దశలో కణాలు సమానంగా ఉన్నాయా చూడండి. ఎగుడుదిగుడుగా ఉన్నవి ఎక్కువుంటే ఆ బ్యాచ్ మీద ఆర్టీమియా (రోటిఫర్ తర్వాత వేసే, రొయ్యలాంటి చిన్న జీవి), మనుషుల శ్రమ ఖర్చు చేయకుండా వదిలేయడం మేలు. ఒక గుడ్డులో నూనె బొట్టు ఒకటి కాక రెండు మూడు చిన్నవిగా విడిపోయి ఉన్నా అనుమానించాలి.

ట్యాంకులోకి మార్చేది పిండం తోక కదులుతున్న దశలో, లేదా పూర్తిగా పొదిగాక. సరిగ్గా పొదుగుతున్న గంటలో కదిలిస్తే నష్టం ఎక్కువ. పొదిగాక మిగిలిన పెంకులు, చెడ్డ గుడ్లు ఆ రోజే తీసేయాలి, అవి కుళ్లితే 2వ రోజుకే బ్యాక్టీరియా పెరిగిపోతుంది.

అమోనియా మాట కూడా. కిట్ మొత్తం అమోనియాను చూపిస్తుంది. విషం అందులో విడి అమోనియా భాగం. 29 డిగ్రీల ఉప్పు నీటిలో పీహెచ్ 8.2 ఉంటే అది మొత్తంలో సుమారు 7 శాతం. ఆల్గే ఎక్కువై మధ్యాహ్నం పీహెచ్ 8.8కి పోతే దాదాపు పావు వంతు. పొద్దున చూసి బాగుందనుకున్న నీరే మధ్యాహ్నం మారిపోతుంది. కిట్ చూసేది మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి, పీహెచ్‌తో కలిపి.

ఉప్పుగాలి
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. అంటే 2వ రోజు తెల్లవారేసరికి వడకట్టిన రోటిఫర్ 15, నూనె తీసే చట్రం (స్కిమ్మర్), మధ్యాహ్నం పీహెచ్. ఇప్పుడు తర్వాతి దశ. ఆర్టీమియా ఎప్పుడు? 8వ రోజు అని కొందరు, 12 అని కొందరు.

పచ్చనీరు
8వ రోజు. రోటిఫర్‌తో కడుపు నింపుకోవడానికి అప్పటికి లార్వా మరీ ఎక్కువ శ్రమ పడుతుంటుంది. ఆలస్యం చేస్తే ఎదుగుదల ఎగుడుదిగుడవుతుంది.

మైక్రోస్కోప్
నేను రోజు చెప్పను, పొడవు చెబుతాను. సగటు 4 మి.మీ. దాటి, వెన్ను చివర పైకి వంగి, తోక రెక్కలో కిరణాలు ఏర్పడుతుంటే అప్పుడు వేయాలి. బాగా తిన్న బ్యాచ్‌లో అది 9, 10 రోజులకు వస్తుంది, నీరు 27 డిగ్రీలే ఉంటే ఇంకా ఆలస్యం. 8వ రోజున 3.5 మి.మీ. లార్వాకు వేస్తే పెద్దవి నాలుగు మాత్రమే తింటాయి, అవే ఇంకా పెద్దవవుతాయి. మీరు భయపడే ఎగుడుదిగుడు అక్కడే పుడుతుంది.

పచ్చనీరు
పొడవు చూడాలన్న మాట సరే. కానీ సగటు 4 దాటే దాకా ఆగకుండా, సగం లార్వా దాటగానే తక్కువ మోతాదులో, మి.లీ.కు 0.2 నుంచి మొదలుపెట్టి, రోటిఫర్‌ను ఆపకుండా పక్కపక్కన నడపాలి. ఈ కలిపి వేసే రోజులు కనీసం నాలుగైనా ఉండాలి. రోటిఫర్ పూర్తిగా మానేది 14, 15 రోజులకు.

లార్వా_లెక్క
ఇద్దరిదీ కలిపితే సరిగ్గా ఉంది. మోతాదు ఉదాహరణ: రెండు టన్నులకు 0.5 చొప్పున అంటే 10 లక్షల నాప్లీ (ఆర్టీమియా పిల్లలు). మంచి సిస్టు (ఆర్టీమియా ఎండు గుడ్లు) గ్రాముకు చేతికొచ్చేది 2 లక్షలు అనుకుంటే 5 గ్రాములు. పొదిగించేటప్పుడు లీటరుకు 2 గ్రాములు మించకుండా, 28 డిగ్రీలు, పీహెచ్ 8 పైన, గట్టి ఏరేషన్, పైన లైటు, 24 గంటలు. పెంకు, పొదగని సిస్టు వేరు చేయకుండా వేస్తే లార్వా మింగి పేగు మూసుకుపోతుంది. కాబట్టి హైపోక్లోరైట్‌తో పెంకు కరిగించడం అలవాటు చేసుకోండి.

అప్పుడే పొదిగిన నాప్లీ మొదటి రెండు మూడు రోజులకే. తర్వాత ఎన్‌రిచ్ చేసిందే వేయాలి. ఆర్టీమియాలో డీహెచ్ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు) దాదాపు ఉండదు, మనం పెట్టింది కూడా అది కొంత మార్చేసుకుంటుంది. ఇది లోపిస్తే పైకి ఏమీ కనబడదు. చక్కగా తింటాయి, పెరుగుతాయి. వలతో కదిపిన రోజు, లేదా ట్యాంకు మార్చిన రోజు, ఒక్కసారిగా వెల్లకిలా తిరిగి బిగుసుకుని పోతాయి. నీళ్లు మారడం వల్ల పోయాయనుకుంటారు. లోపం రెండు వారాలుగా తిండిలో ఉంటుంది. ఎన్‌రిచ్ చేసిన ఆర్టీమియాను వెంటనే వాడలేకపోతే చల్లగా, 10 డిగ్రీల లోపు, గాలి ఆడేలా ఉంచండి.

ఉప్పుగాలి
పొడి మేత త్వరగా మొదలుపెడితే ఆర్టీమియా ఖర్చు కలిసొస్తుంది కదా. 10వ రోజు నుంచే ఇవ్వచ్చా?

మైక్రోస్కోప్
ఇస్తే తింటాయి, కానీ అరగదు. మొదట్లో పేగు తిన్నటి గొట్టం, పొట్ట ఉండదు. పొట్ట గ్రంథులు రెండో వారం చివర కనబడతాయి, ఆమ్లం, పెప్సిన్ పని మొదలయ్యేది సుమారు 17వ రోజుకు. అప్పటిదాకా ప్రోటీన్‌ను విడగొట్టే శక్తి పేగు ఎంజైములదే, వెనక పేగు గోడ కొంత ప్రోటీన్‌ను అలాగే లోపలికి మింగుతుంది. 15, 16 రోజులకు 200–300 మైక్రాన్ల మేతను ఆర్టీమియా వేయడానికి అరగంట ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, చిటికెడు చిటికెడు గంటకోసారి చల్లండి. వారం పదిరోజులు రెండూ కలిపి నడిపి, అప్పుడు ఆర్టీమియా తగ్గించాలి. మునిగిన మేత తినవు, పడుతుండగానే అందుకుంటాయి. అడుగున మిగిలింది రోజూ సైఫన్ చేయకపోతే నీరు పాడవుతుంది.

పొడవు అంచనాకు: 3వ రోజు 2.5 మి.మీ., 7వ రోజు 3.5, 14వ రోజు 4.5 నుంచి 6, 20వ రోజు 9 ప్రాంతం, 30వ రోజు 13 నుంచి 20. మొదటి రెండు వారాలు పెరగనట్టే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా సాగుతాయి. ఆ మధ్యలో ఒళ్లు నల్లగా, తల మీద వెన్నంటి లేత చారతో ఉంటాయి. మూడో వారం దాటాక పొలుసులు వచ్చి వెండి రంగు తిరుగుతుంది.

తీరం_దాటి
ఆ సాగే సమయంలోనే ఒకదాన్నొకటి తినడం మొదలవుతుంది. పండుగప్ప తన పొడవులో మూడింట రెండు వంతులున్న చేపను మింగగలదు. 15 మి.మీ. చేప పక్కన 10 మి.మీ. చేప ఉంటే అది తిండే. సగటు 10 మి.మీ. దాటగానే గ్రేడింగ్ (సైజు ప్రకారం వేరు చేయడం) మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి చేయాలి. తిండి ఎంత ఎక్కువ వేసినా ఇది ఆగదు, తగ్గుతుంది అంతే. రోజూ లెక్క తగ్గుతూ, చచ్చినవి మాత్రం కనబడకపోతే కారణం ఇదే.

గ్రేడర్‌కు అడుగున సమానమైన రంధ్రాలున్న ప్లాస్టిక్ తొట్టె చాలు, 2.5 మి.మీ. నుంచి మొదలుపెట్టి పెద్దవి చేసుకుంటూ పోవాలి. రంధ్రాల అంచులు ఉప్పు కాగితంతో నున్నగా రుద్దండి. తొట్టెను నీటిలో తేలేలా ఉంచి, చేపలను మగ్గుతో నీటితో సహా పోయండి. చిన్నవి తమంతట తాము కిందికి దిగుతాయి. వలతో పైకెత్తి ఊపితే పొలుసు, కన్ను దెబ్బతింటాయి. ఉదయం తిండికి ముందు చేయండి, చేసిన వెంటనే తినిపించండి. ముందురోజు సాయంత్రం ఎన్‌రిచ్ చేసిన ఆర్టీమియా తప్పకుండా అందాలి.

ఉప్పుగాలి
గ్రేడింగ్ అయిన రెండు రోజులకు కొన్ని గిరగిరా తిరుగుతూ, తిండి మానేసి కనబడితే? అది దెబ్బ వల్లా, డీహెచ్ఏ లోపమా?

లార్వా_లెక్క
డీహెచ్ఏ లోపం అయితే కదిపిన నిమిషాల్లోనే బయటపడుతుంది. రెండు రోజుల తర్వాత గిరగిరా తిరగడం, రంగు మారడం, పక్కకు ఒరిగి తేలడం, మూడో వారం చుట్టూ ఉన్న పిల్లల్లో వరుసగా పెరుగుతూ పోవడం కనిపిస్తే మొదట బీటానోడా వైరస్‌ను అనుమానించండి. మెదడులో, కంటి రెటీనాలో గుంటలు చేస్తుంది, అందుకే చూపు, బ్యాలెన్సు రెండూ పోతాయి. మందు లేదు. బతికున్న, లక్షణాలున్న వాటిని ఆర్‌టీ పీసీఆర్‌కు పంపండి, చచ్చి నానినవి పనికిరావు. ఫలితం వచ్చేదాకా ఆ ట్యాంకు వల, మగ్గు, సైఫన్ గొట్టం వేరే ట్యాంకుకు వెళ్లకూడదు, ఆ ట్యాంకు పని రోజులో చివరగా చేయాలి. వైరస్ తేలితే ఆ బ్యాచ్‌ను బయటకు అమ్మకుండా తీసేసి, ట్యాంకు, పైపులు క్లోరిన్‌తో శుద్ధి చేయడమే.

ఇది తల్లి చేపల నుంచి గుడ్లకు రాగలదు. కాబట్టి తల్లి చేపలకు పీసీఆర్ పరీక్ష, గుడ్లను ఓజోన్ కలిపిన సముద్రపు నీటిలో కడగడం, తల్లి చేపల ట్యాంకు నీరు లార్వా వైపు రాకుండా చూడటం, ఈ మూడూ సీజన్ మొదలవకముందే ఏర్పాటు చేసుకోండి. తల్లి చేపలకు వేసే పచ్చి చేప మేత ద్వారా కూడా రావచ్చు, ఆ మేత ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోండి.